తామర తూడు పట్టుకుని

దేవుణ్ణి ఎవరు పుట్టించారు? చిన్నప్పుడు ఈ మాట అడిగితే "కళ్లు పోతయి" అనేవాళ్లు పెద్దలు. దాంతో ఆ ప్రశ్నను చాలాకాలం లోపలే దాచుకున్నాను. ఆ భయం తీర్చింది మా జనగామ జిల్లా బమ్మెర పోతనే.

ఆయన భాగవతం మూడో స్కంధంలో తామరపువ్వులో పుట్టిన బ్రహ్మ చుట్టూ చూస్తాడు. ఎవరూ ఉండరు. తానెవరో, ఆ పువ్వు ఎక్కడిదో తెలుసుకోవాలని తూడు వెంట నీళ్లలోకి దిగుతాడు. ఎంత వెతికినా మొదలు దొరకదు. తిరిగొచ్చి తపస్సుకు కూర్చుంటాడు. సృష్టికర్తే తన పుట్టుకను వెతుక్కున్నాక, మనం అడిగితే పాపమెలా అవుతుంది?

మన నేలలోనూ అలాంటి తూడు ఉంది. భూపాలపల్లిలో సింగరేణి తవ్వే బొగ్గు పాతిక కోట్ల ఏళ్లకు ముందటి చెట్లది. ఆ చెట్లు సూర్యుడి ఎండతో పెరిగాయి. మహబూబాబాద్ జిల్లా బయ్యారం ఇనుములోని పరమాణువులు ఆ సూర్యుడి కంటే ముందే వేరే నక్షత్రాల్లో తయారయ్యాయి. ఆ నక్షత్రాలకు మూలమైన హైడ్రోజన్ సుమారు 1,380 కోట్ల ఏళ్ల నాటిది. అంతకుముందు ఏముంది? అక్కడ మనకూ దారి ఆగిపోతుంది.

చాలామంది దేవుణ్ణి నిలబెట్టేది సరిగ్గా అక్కడే. ప్రతిదానికీ కర్త ఉండాలంటే దేవుడికీ ఉండాలి. ఆయనకు అక్కర్లేదంటే విశ్వానికి మాత్రం ఎందుకుండాలి? జనగామకు దగ్గర్లోని కొలనుపాకలో జైనం వందల ఏళ్లు నిలిచింది. విశ్వం అనాది, దానికి కర్త లేడన్నది జైనుల మాట. భక్తుల జవాబూ తీసిపారేసేది కాదు: మొదలున్నదానికే కర్త కావాలి, దేవుడికి మొదలే లేదు. పోతన గజేంద్రుడు మొరపెట్టుకున్నది అలాంటివాడికే.

విశ్వం ఒక ఆదిమ అణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ మతగురువు. 1951లో పోప్ పన్నెండో పయస్ ఆ సిద్ధాంతంలో సృష్టికి సాక్ష్యం చూసినప్పుడు లెమైత్ర్‌కు నచ్చలేదు. దైవాన్ని నమ్మిన మనిషే ఆ నమ్మకానికి తన లెక్కలను ఊతంగా వాడటాన్ని ఒప్పుకోలేదు. ఆ నిజాయితీ నన్ను కదిలించింది.

నేను దేవుణ్ణి నమ్ముతాను. అయినా ఆ పేరు చెప్పి ఎవరి ప్రశ్ననూ ఆపకూడదని నేర్చుకున్నాను. ఇప్పుడు పిల్లలు అడిగితే తెలిసినంతవరకు కారణాలు చెబుతాను. తెలియని చోట తెలియదంటాను. ఆ పైన నేను నమ్మేదాన్ని నమ్మకమనే చెబుతాను. ఈ మూడింటినీ కలిపేస్తే ప్రశ్నకూ న్యాయం జరగదు, దేవుడికీ జరగదు.