మోకు, తాడు, మా ఆయన

మాది పులికాట్ ఒడ్డు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా నీళ్ళు, ఎండాకాలమైతే పగుళ్ళిచ్చిన బురదనేల. కొండ చూడాలంటే పడమటికి తిరిగి, తడ అవతల ఉబ్బలమడుగు వైపు కళ్ళు చికిలించాలి. 2022లో జిల్లా నెల్లూరు పోయి తిరుపతి అయిందిగానీ, నేల చదును మాత్రం పోలేదు. పైకి పోయేవి మాకు రెండే: శ్రీహరికోట రాకెట్టు, తాటిచెట్టెక్కే మనిషి. రాకెట్టును మిద్దెక్కి చూసేవాళ్ళం. చెట్టెక్కే మనిషిని అంతగా చూసేవాళ్ళం కాదు. ముంజలు తినడం మా వంతు, ఎక్కడం గీత పనివాళ్ళ వంతు. ఇక ఆడపిల్ల చెట్టెక్కే సంగతి మా అమ్మ ముందు ఎత్తే పనే లేదు.

అట్లాంటి నేను ఇప్పుడు సియాటిల్‌లో డబ్బులు కట్టి మరీ గోడలెక్కుతున్నాను. ఇక్కడ అక్టోబరులో పట్టిన ముసురు ఓ పట్టాన వదలదు. చుట్టూ కొండలున్నా తడిసిన రాయి మీద కాలు నిలవదు. అందుకేనేమో, అమెరికాలో గోడలెక్కడం కోసమే పెట్టిన తొలి వ్యాపార జిమ్ము, వర్టికల్ క్లబ్, 1987లో ఈ ఊళ్ళోనే తెరిచారు.

నేను పోయే జిమ్ములో గోడలు నలభై అడుగులుంటాయి. వాటికి రంగురంగుల ప్లాస్టిక్ పట్లు బిగించి ఉంటాయి. ఒక్కో రంగు ఒక్కో దారి. పసుపు దారిలో పోతూ పక్కనున్న ఎర్ర పట్టు అందుకుంటే ఆ ఎక్కుడు లెక్కలోకి రాదు. దారి ఎంత కష్టమో కింద చీటీ మీద రాస్తారు. 5.9 తర్వాత వచ్చేది 5.10. లెక్కల అయ్యవారి కూతుర్ని, ఇది నాకింకా మింగుడుపడలేదు.

బూట్లు వేళ్ళు ముడుచుకునేంత బిగుతుగా ఉండాలి. అద్దె బూట్లయితే ఆ వాసన గురించి చెప్పకపోవడమే మర్యాద. చేతులకి తెల్ల పొడి పూసుకుని మొదలుపెడితే సగం గోడ దాకా హాయిగా ఉంటుంది. కొత్తవాళ్ళందరం చేతుల్తో లాక్కుంటూ పోతాం, కాళ్ళున్నాయన్న సంగతే గుర్తుండదు. సగం దాటాక మోచేతికీ మణికట్టుకీ మధ్య కండ రాయిలా బిగుస్తుంది. వేళ్ళు మన మాట వినవు. బొటనవేలి కింద చిన్న పట్టు, వెనక మడమ టకటకా కొట్టుకుంటుంది. ఎక్కేవాళ్ళు దీనికి కుట్టుమిషను కాలని పేరు పెట్టుకున్నారు. ఇంటికొచ్చాక అన్నం కలుపుదామంటే ముద్ద చేయడానికి వేళ్ళు వంగవు.

నా నడుముకి కట్టి, గోడ పైనుంచి తిప్పి దించిన తాడును కింద పట్టుకునేది మా ఆయన. ఎక్కేముందు నా ముడి ఆయన, ఆయన బిగించిన పరికరం నేను తడిమి చూసుకోవాలి. పెళ్ళైన ఇన్నేళ్ళలో మేమిద్దరం ఒకరి పనిని ఒకరం ఇంత శ్రద్ధగా చూసింది లేదు. ఆయన ఎక్కేటప్పుడు ఇంకో చిక్కుంది. బరువులో నేను ఆయనకి చాలను. ఆయన పైన పట్టు జారితే కింద నేను గాల్లోకి లేస్తాను. అందుకని నా నడుము పట్టీకి నేల మీది ఇసక మూట తగిలిస్తారు.

ఈ తాడు మనల్ని పైకి లాగదు. తాడు పట్టుకుని లేస్తే ఎక్కినట్టే కాదు. పడ్డప్పుడు ఆపడం ఒక్కటే దాని పని. ఇది తెలిశాకే మా ఊరి మోకు నాకు అర్థమైంది. మోకు చెట్టునీ మనిషి నడుమునీ కలిపి చుట్టి ఉంటుంది. దాని మీద వెనక్కి ఆనుకుని పాదాలు పైకి జరుపుతాడు, మళ్ళీ మోకును ఎగదోస్తాడు. పైన గెల కొయ్యాలన్నా, కుండ కట్టాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండేది దానివల్లే. అంటే అది పనిముట్టు. కాలు జారితే మోకుతో సహా చెట్టు వెంబడి గీరుకుంటూ కిందికి రావాల్సిందే. అంత ఎత్తున, పొద్దునా సాయంత్రం, పడితే ఆపే తాడు లేకుండా చేసే పనిని మేం పనిగా చూశాంగానీ ప్రమాదంగా చూడలేదు.

తెలుగు నేల మీద ఇప్పుడిప్పుడే ఆ రెండో తాడు చెట్టు దాకా వస్తోంది. భువనగిరి గుట్ట మీద తాడు పట్టడం నేర్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళకే ఎవరెస్టు ఎక్కింది. ఆ తర్వాత పదేళ్ళకి, 2024 జులైలో, తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకి కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాలు జారినా మనిషి కింద పడకుండా చెట్టుకే వేలాడేట్టు చూసే పట్టీ, తాళ్ళు, కొక్కేలు. మేం సరదాకి కట్టుకునే సరంజామా లాంటిదే. ఆ తాడు ఎవరెస్టు కన్నా తాటిచెట్టుకి ఆలస్యంగా చేరడం నాకు మాత్రం సిగ్గుగానే ఉంది.

ఇదంతా మా అమ్మకి వీడియో కాల్‌లో చెప్తే, "డబ్బులు పోసి గోడలెక్కే పనేందే నీకు? కింద పడబాక" అంది. పడినా ఆపడానికి తాడుందన్నాను.

"ఆ తాడు పట్టుకునేది ఎవరు, అల్లుడా?"

"ఆయనే."

"అయితే ఆ కాసేపన్నా ఫోను చూడొద్దని చెప్పు."