తగలకుండా కొట్టే బందూకు

2022లో సిద్దిపేట జిల్లా కోహెడ మండలం పేరు దేశమంతా పత్రికలకెక్కింది. అక్కడి రైతు ఒకాయన ఎలుగుబంటి వేషం తెప్పించి, రోజుకు 500 రూపాయల కూలి మీద ఒక మనిషికి తొడిగించి చేను చుట్టూ తిప్పాడు. కోతులు, అడవి పందులు రాకుండా ఆ ఏర్పాటు. పట్నంలో చదివినవాళ్లు నవ్వుకున్నారు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో నవ్వినవాళ్లు తక్కువ. "ఎండకాలం ఆ బొచ్చు తొడుక్కొని ఎంతసేపు ఆగుతడు వాడు?" అని మా అన్న అడిగాడు. వేషం పనిచేస్తుందన్న దాంట్లో ఆయనకు అనుమానం లేదు. కూలి లెక్కే గిట్టుబాటు కాదు.

అన్న అంటే మా పెద్దమ్మ కొడుకు. కోహెడకు దగ్గర్లోనే బాయి కింద మక్క వేస్తాడు. ఈసారి కంకి పాలు పోసుకోకముందే ఎయిర్ గన్ కొనాలని పట్టుబట్టాడు. ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవాణ్ని, నాలుగు పుస్తకాలు తిరగేసినవాణ్ని కనుక ఏది మంచిదో చూసి చెప్పమని నన్ను పిలిచాడు. ఇద్దరం ముందు సిద్దిపేట వెళ్లాం.

స్ప్రే పంపులు, టార్పాలిన్లు, టార్చిలైట్లు అమ్మే దుకాణం అది. వెనక అద్దాల బీరువాలో ఎయిర్ గన్‌లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. "దేనికి సారూ?" అన్నాడు దుకాణదారు. కోతులకని చెప్పాం. ధర సంగతి అడగకుండానే అన్నిట్లోకీ చౌకది తీసి బల్ల మీద పెట్టాడు. వ్యాపారి ముందుగా చౌక సరుకు చూపించడం నాకు వింతగా తోచింది. కారణం తర్వాత తెలిసింది.

అది స్ప్రింగు రకం. గొట్టాన్ని మధ్యలో కిందికి విరిస్తే లోపలి స్ప్రింగు నొక్కుకుపోయి లాక్ పడుతుంది. గొట్టం వెనక చివర ఛర్రా అనే చిన్న సీసపు గుండు పెట్టి మూసి ట్రిగ్గర్ నొక్కితే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, పిస్టన్ గాలిని, గాలి ఛర్రాను. మందు లేదు, నిప్పు లేదు. ఇదే పద్ధతిలో స్ప్రింగు బదులు గ్యాస్ సిలిండర్ పెట్టినవి ఉన్నాయి. వాటిపైన పీసీపీ రకం. అందులో గాలిని ముందే పంపుతో నింపి ఉంచుతారు. విరవడం, బిగించడం ఉండదు, కుదుపు దాదాపు ఉండదు, గురి బాగా కుదురుతుంది. మన దేశంలోనే ప్రెసిహోల్ లాంటి కంపెనీలు మంచి పీసీపీలు చేస్తున్నాయి. ధర మాత్రం పదుల వేలు. దానికి గాలి పంపు వేరే ఖర్చు.

దుకాణాల్లో ఎక్కువగా వినిపించే మాట "పవర్". ఆ మాటకు ఒక లెక్క ఉంది. అరగ్రాము ఛర్రా సెకనుకు 280 మీటర్ల వేగంతో బయటికొస్తే దాని శక్తి సుమారు 19.6 జౌల్స్. చట్టం గీసిన గీత 20 దగ్గర ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో ఇదే హద్దు 12 ఫుట్ పౌండ్లు, అంటే 16 జౌల్స్ పైచిలుకు. జర్మనీలో ఏడున్నరే. మనవాళ్లు "దమ్ములేని బందూకు" అని పెదవి విరిచేది ఆ దేశాల్లో లైసెన్సు లేకుండా వాడేదానికంటే బలమైనది కావొచ్చు. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిన పది మీటర్ల పోటీలో రైఫిళ్ల శక్తి మహా అయితే ఏడెనిమిది జౌల్స్. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. పవర్ గురికి ఏమీ కలపదని చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇంగ్లండ్ రైతు ఎయిర్ రైఫిల్ ఎంచుకునే తీరు వేరు. వాళ్లకు అడవి పావురాలు, కుందేళ్లు, గోదాముల్లో ఎలుకలు ఉన్నాయి. చట్టపు షరతులకు లోబడి కొట్టవచ్చు. కొట్టిన జంతువు ఒక్క దెబ్బకు పోవాలి, పక్కనున్నవి బెదరకూడదు. అందుకే గొట్టం చివర సైలెన్సర్‌కు అదనంగా డబ్బు పెడతారు. ఎయిర్ రైఫిల్ గురించి ప్రపంచంలో ఎక్కడ ఏ సలహా చదివినా దాదాపు ఆ రైతు కోసం రాసిందే. నేనూ అది చదివే వెళ్లాను.

సిద్దిపేటలో ఆ సలహా తలకిందులైంది. "సైలెన్సరున్న పీసీపీ కొట్టినా కోతికి వినపడది సారూ. ఫుస్సుమంటది. అది పైసలున్నోళ్లు డబ్బాలు కొట్టుకునే సామాను. మీకు సప్పుడు గావాలె" అన్నాడు దుకాణదారు. ఇక్కడ కొనేవాళ్లకు బందూకు పని చంపడం కాదు, ఉలిక్కిపడేలా చేయడం. మోటు స్ప్రింగు, వదులు పిస్టన్, లోపల కాస్త నూనె ఉన్న పాత బందూకు కొత్తదానికంటే గట్టిగా పేలుతుంది. నూనె ఆవిరి ఒత్తిడికి అంటుకొని చిన్న మంట లేస్తుంది, కొంచెం పొగ కూడా వస్తుంది. కొందరు కావాలనే చుక్క నూనె వేస్తారట. స్ప్రింగూ వాషరూ తొందరగా పాడవుతాయని చెబితే వినరట.

అన్న ఇంకో ఉపాయం అడిగాడు. ఛర్రా లేకుండా కొడితే? చప్పుడు చప్పుడే ఉంటుంది, ఎవరికీ దెబ్బ తగలదు. వినడానికి బాగుంది కానీ స్ప్రింగు బందూకుకు అంతకంటే చెరుపు లేదు. ఛర్రా అడ్డం ఉంటేనే దాని వెనక గాలి చిక్కబడి పిస్టన్ వేగాన్ని చివర్లో తగ్గిస్తుంది. ఖాళీగా కొడితే పిస్టన్ నేరుగా వెళ్లి ఇనుముకు కొట్టుకుంటుంది.

చిన్న వేట మాట కూడా అక్కడే ఎత్తాను. కౌజు, పూరేడు, కుందేలు అనేసరికి దుకాణదారు చేయి అడ్డంపెట్టాడు. ఆయన ఆపడంలో తప్పేం లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవన్నీ రక్షిత జంతువులే. చంపే ప్రయత్నం కూడా ఆ చట్టం లెక్కలో వేటే, తగలకపోయినా సరే. నెమలి మొదటి షెడ్యూల్‌లో ఉంది. వేరుశనగ విత్తితే గింజలు ఏరుకుపోయే నెమళ్ల గురించి ఎంత మొత్తుకున్నా బందూకు ఎత్తడానికి లేదు. అడవి పంది విషయానికొస్తే, పంటలను నాశనం చేస్తుంటే అటవీ శాఖ అనుమతితో షూటర్లను పిలిపించుకునే దారి ఉంది. అది పెద్ద తుపాకుల పని. 20 జౌల్స్ ఛర్రాతో పందిని కొడితే అది చావదు, గాయంతో మనిషి మీదికి తిరుగుతుంది.

కోతుల సంగతి మరీ చిక్కు. 2023 ఏప్రిల్ నుంచి అమలైన సవరణలో ఎర్రమూతి కోతిని షెడ్యూళ్లలోంచి తీసేశారు. తల మీద జుట్టు టోపీలా పరుచుకొని ఉండే దక్షిణాది కోతి మాత్రం మొదటి షెడ్యూల్‌లోనే ఉంది. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గని జైలు. ఈ రెండు జాతుల సరిహద్దులు మన తెలంగాణలోనూ కలుస్తాయి. ముప్పై మీటర్ల దూరాన చింతకొమ్మ మీద కూర్చున్నది ఏ జాతిదో చూసి ట్రిగ్గర్ నొక్కే రైతు ఉంటాడా? జంతువులను హింసించడాన్ని నిషేధించే 1960 చట్టం ఎటూ ఉంది. చట్టాల సంగతి అట్లుంచినా హనుమంతుడని దండం పెట్టేవాళ్లు ఊళ్లో సగం మంది. గాయపడిన కోతి వచ్చి ఆంజనేయస్వామి గుడి మెట్ల మీద కూర్చుంటే ఆ ఇంటి పరువు ఏమవుతుందో అన్నకు చెప్పాల్సిన పని లేదు.

అంటే మేం వెతుకుతున్నది గురి తప్పడానికి పనికొచ్చే బందూకు. ఏమీ కొనకుండా చేను కాడికి పోయాం. పక్క చేనాయన దగ్గర ఒక పాతది ఉంది, చూసి వద్దామని.

చుట్టూ పాత చీరలు కట్టి ఉన్నాయి, పందుల కోసం. గట్టు మీద కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ ఒకటి, ఎండకు వెలిసిపోయి. కోతులు మొదటి వారం దాన్ని చూసి ఆగాయట. తర్వాత దాని నీడలోనే కూర్చున్నాయట. మంచె మీద ఒక ముసలాయన, చేతిలో ఒడిసెల. ఒడిసెల అనగానే నాకు ఈ జిల్లాలోనే ఉన్న బైరాన్‌పల్లి గుర్తొస్తుంది. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఆ ఊరి మీద పడ్డప్పుడు బురుజెక్కి ఎదిరించిన జనం చేతుల్లో నాటు తుపాకులతో పాటు పిట్టలను తోలే ఈ పనిముట్టూ ఉంది. బురుజు ఇప్పటికీ నిలిచే ఉంది. ఈ తాత ఒడిసెల మాత్రం నైలాన్ తాడుది.

"బందూకు సప్పుడుకు లేస్తయి బిడ్డా. చెట్టెక్కి చూస్తయి. సప్పుడే తప్ప ఇంకేం రాదని ఎరుకైనంక దిగొస్తయి" అన్నాడు తాత. పక్క చేనాయన దీనికి కనిపెట్టిన విరుగుడు నాకు బాగా నచ్చింది. పాత నూనె డబ్బాల రేకులను కోతులు దిగే చోట వేలాడదీశాడు. బందూకు ఇక్కడ పేలుతుంది, రేకు అక్కడ, కోతి పక్కన, ఖణేల్‌మంటుంది. చప్పుడు ఎటునుంచి వచ్చిందో వాటికి అంతుపట్టదు. మేం చూస్తుండగానే ఒకసారి కొట్టాడు. గుంపు మొత్తం మోటబాయి అవతలికి దూకింది. పెద్ద మగది ఒక్కటే ఆగి, రేకువైపు కాకుండా మావైపు చూసింది.

దీంతో లెక్క మళ్లీ మారింది. వట్టి చప్పుడుకైతే గొట్టం ఎట్లాంటిదైనా నడుస్తుంది. ముప్పై మీటర్ల దూరాన పళ్లెమంత రేకును కొట్టాలంటే లోపల మరలు తిరిగిన గొట్టం కావాలి, తలా నడుమూ సరిగా ఉన్న ఛర్రాలు కావాలి. రేకు వెనక మట్టి ఉండాలి. ఆ జాగ్రత్త ఆయన పూర్తిగా తీసుకోలేదు. రెండు రేకులు చింతకొమ్మకే ఉన్నాయి, వెనక బాట. ఛర్రా చిన్నదే కానీ నూరు మీటర్ల అవతల కూడా కన్ను తీయగలదు. బాయి తవ్వినప్పటి మట్టిగడ్డకు ఆనించి రేకులు కట్టమని చెప్పాను. సరేనన్నాడు. కడతాడో లేదో.

కన్ను మాట వచ్చింది కనుక కార్బైడ్ గొట్టం సంగతీ చెప్పాలి. పీవీసీ పైపులో కార్బైడ్ ముక్క వేసి, నీళ్లు చల్లి, లైటర్ నొక్కితే బాంబులా పేలుతుంది. బందూకుతో పోలిస్తే కారుచౌక, చప్పుడు పదింతలు. ఈ వైపు చాలా చేన్లలో కోతులకు అదే వాడుతున్నారు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో పిల్లలు అదే గొట్టంతో ఆడుకొని వంద మందికి పైగా కళ్లు దెబ్బతిన్నాయి. పేలలేదేమని లోపలికి తొంగిచూసినప్పుడు పేలడం దాని గుణం. అన్న ఇంట్లోనూ ఒకటి అటక మీద ఉంది. దాన్ని పారేయిస్తే నా రాక దండగ కాలేదనుకోవచ్చు.

అడవి తరిగి కోతులు చేలకొచ్చాయన్నది అందరికీ తెలిసిన కథే. 2015లో మొక్కలు నాటే హరితహారం మొదలైనప్పుడు వానలు వాపస్ రావాలె, కోతులు వాపస్ పోవాలె అన్న నినాదం ఊరూరా వినిపించింది. చెట్లు చాలాచోట్ల పెరిగాయి. కోతులు వాపస్ పోలేదు. 2020లో నిర్మల్ దగ్గర గండిరామన్న వనంలో కోతులకు సంతాన నిరోధక ఆపరేషన్లు చేసే కేంద్రం తెరిచారు. గుంపుల లెక్క చూస్తే ఒక్క కేంద్రం ఏ మూలకు? నంగునూరు మండలం నర్మెటలో ఆయిల్‌పామ్ ఫ్యాక్టరీ కట్టాక, కోతులు ముట్టని పంట వేసుకోమని అధికారులు చెబుతున్నారు. అన్న ఆ లెక్క కూడా వేశాడు. కాతకొచ్చేదాకా నాలుగేళ్లు ఏం తినాలన్న దగ్గర ఆగిపోయాడు.

మేం ఇంతసేపు మాట్లాడుతుంటే వదిన గట్టు మీద కూర్చొని వింటోంది. పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం దాకా చేను కాడ ఉండేది ఆమె. అన్న పగలు ట్రాక్టర్ కిరాయికి పోతాడు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు, అయినా బందూకు ఎవరు పడతారని దుకాణంలో మేమిద్దరం అనుకోనే లేదు. దుకాణదారూ అడగలేదు.

పక్క చేనాయన బందూకు ఆమె చేతికిచ్చాం. నాలుగు కిలోలకు దగ్గరగా ఉంది. గొట్టం విరవడానికి బలమంతా పెట్టాల్సి వచ్చింది. మొదటిసారి సగంలో ఆగింది, రెండోసారి మోకాలికి ఆనించి విరిచింది. "రోజుకు ఇన్నిసార్లు దీన్ని విరిస్తే కలుపు ఎవలు తీస్తరు?" అన్నది. స్ప్రింగు ఎంత బలమైతే విరవడం అంత కష్టం. 20 జౌల్స్ అంచుకు చేరే బందూకులు కండబలం ఉన్న మగవాళ్లనే అలసటకు గురిచేస్తాయి. పది పన్నెండు జౌల్స్‌ది ఆమె అవలీలగా విరుస్తుంది. రేకును మోగించడానికి అది చాలు, ఎక్కువే.

టెలిస్కోప్ వద్దన్నాను. స్ప్రింగు బందూకు ముందుకూ వెనక్కీ రెండు వైపులా కుదుపుతుంది, చౌక టెలిస్కోప్‌లు ఆ కుదుపుకు నెలల్లో గురి తప్పుతాయి. ఇనుప గుబ్బ, గాడి ఉన్న మామూలు గురి చాలు. గట్టిగా బిగించి పట్టుకోవద్దని, చేతిమీద ఆనించి వదులుగా ఉంచితేనే ఛర్రా అనుకున్నచోటికి పోతుందని ఆమెకు చూపించాను. ఛర్రాలు సీసంవి కనుక నోట్లో పెట్టుకొని తీయొద్దని, అన్నం తినేముందు చేతులు కడుక్కోమని కూడా చెప్పాను. పిల్లలకు అందకుండా ఎక్కడ పెట్టాలన్న దాని మీద కాసేపు వాదన జరిగింది. బియ్యం డ్రమ్ము వెనక అని అన్న, తాళం వేసే ట్రంకు పెట్టె అని వదిన. వదిన మాటే నెగ్గింది.

మర్నాడు ముగ్గురం సిద్దిపేట పోయాం. బీరువాలో ఉన్నవన్నీ వదిన ఒక్కొక్కటి తీసి విరిచి చూసింది. దుకాణదారు మొదట చూపించిన చౌకది పక్కన పెట్టింది, గొట్టం లోపల మరలు లేవని నేను చెప్పాక. బరువు తక్కువ ఉన్న నడిరకంది ఒకటి తీసుకున్నాం. తల గుండ్రంగా ఉన్న ఛర్రాలు రెండు డబ్బాలు, స్పేర్ వాషరు ఒకటి. రిజిస్టర్‌లో రాయడానికి దుకాణదారు అన్న ఆధార్ అడిగాడు. వదిన తన బ్యాగులోంచి తన ఆధార్ నకలు తీసిచ్చి, పేరు స్పష్టంగా రాయమన్నది.