'హ్యావ్' నేర్పబోయి నేను నేర్చుకున్న పాఠం



అరకు లోయ చుట్టూ ఉన్న కొండల్లో మాది చిన్న సంఘం. ఆదివారపు ఆరాధన, గృహ కూడికలు అయ్యగారు చూసుకుంటారు. నేను సాయంకాలం మందిరం వరండాలో పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఈ పిల్లలు ఇళ్లలో కొందరు కువి, కొందరు కొండదొరల భాష, కొందరు ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. బడికి వెళ్లాక తెలుగులో చదువు మొదలుపెడతారు. ఇంగ్లీషు వారికి మూడో భాష. అందులో వారిని ఎక్కువ తికమక పెట్టేవి పెద్ద పెద్ద మాటలు కావు. 'హ్యావ్' అనే చిన్న క్రియ.

ఎందుకని ఆలోచించాను. మన తెలుగులో అటువంటి క్రియే లేదు. "నాకు ఒక తమ్ముడు ఉన్నాడు" అంటాం. "నా దగ్గర పది రూపాయలు ఉన్నాయి" అంటాం. 'ఉండు' అనే క్రియతోనే పని జరుపుకుంటాం. అక్కడ క్రియ తమ్ముణ్ణి బట్టి, రూపాయలను బట్టి మారుతుంది. ఇంగ్లీషులో అలా కాదు. ఎవరికి ఉందో ఆ మనిషిని బట్టి మారుతుంది. ఐ, వి, యు, దే తర్వాత 'హ్యావ్' వస్తుంది. హి, షి, ఇట్ తర్వాత, ఒక్కరి పేరు తర్వాత 'హ్యాజ్' వస్తుంది. ఈ తేడా తెలియక పిల్లలు తమ్ముడు ఒక్కడే కదా అని "ఐ హ్యాజ్ ఎ బ్రదర్" అనీ, మేకలు రెండు కదా అని "షి హ్యావ్ టూ గోట్స్" అనీ రాస్తారు. అది తప్పే గాని తెలివితక్కువతనం కాదు. తెలుగు లెక్కను ఇంగ్లీషుకు వేశారు, అంతే.

పెద్దలం మనమూ తక్కువేం కాదు. "ఐ యామ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్" అని చదువుకున్నవారే అంటుంటారు. బంధువుల గురించి, ఆస్తి గురించి, వస్తువుల గురించి చెప్పేటప్పుడు 'హ్యావింగ్' పనికిరాదు. "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్" అనాలి. టీ తాగుతూ ఉన్నప్పుడు "ఐ యామ్ హ్యావింగ్ టీ" అంటే సరైనదే. ప్రశ్న అడిగేటప్పుడు "డజ్ షి హ్యావ్ ఎ పెన్?" అనాలి. 'డజ్' వచ్చాక 'హ్యాజ్' రాదు.

ఇవన్నీ తెలిసిన నేను ఒక సాయంకాలం పెద్ద తప్పు చేశాను.

బోర్డు మీద మూడు మాదిరి వాక్యాలు రాశాను. "ఐ హ్యావ్ ఎ ఫాదర్. ఐ హ్యావ్ ఎ మదర్. ఐ హ్యావ్ ఎ బ్రదర్." వీటిని చూసి మీ ఇంటి సంగతి రాయండి అన్నాను. అయిదో తరగతి చదివే ఒక అమ్మాయి మొదటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించి తెచ్చింది. వాళ్ల నాన్న రెండేళ్ల క్రితం వానాకాలంలో జ్వరంతో పోయాడు. వాళ్ల గూడేనికి రోడ్డు లేదు. డోలీ కట్టి కొండ దింపుతుండగా దారిలోనే ప్రాణం విడిచాడు. భూస్థాపన అయ్యగారే జరిగించారు. అది తెలిసి కూడా నేను ఎర్ర సిరాతో ఆ వాక్యం కొట్టేసి, అందరూ వింటుండగా, "ఇది తప్పు. మీ నాన్న లేడు కదా, 'హ్యాడ్' అని రాయాలి" అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుని, "బోర్డు మీద అలాగే ఉంది కదా, అమ్మగారూ" అంది. నోటుబుక్కు గుండెలకు ఆనించుకుని వెనక్కి వెళ్లి కూర్చుంది.

'హ్యాడ్' నేను అప్పటికి నేర్పనే లేదు. నాన్న ఉన్న పిల్లలకు మాత్రమే సరిపోయే వాక్యం రాసిపెట్టి, నాన్న లేని పిల్లను తప్పుపట్టాను.

ఆ రాత్రి మా కుటుంబ ప్రార్థనలో రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయం చదివే వంతు వచ్చింది. ఎలీషా దగ్గరకు వచ్చిన విధవరాలి సంగతి మీకు తెలుసు. తన భర్త చనిపోయాడని, అప్పులవాడు తన ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడని ఆమె మొరపెట్టుకుంది. ప్రవక్త ముందు ఆ మొర విన్నాడు. ఆ తర్వాతే ఇంట్లో ఏముందని అడిగాడు. ఆమెకు ఉన్నది కొంచెం నూనె మాత్రమే. దేవుడు ఆ నూనెనే విస్తరింపజేశాడు. అప్పు తీరింది, కొడుకులు దక్కారు. అయ్యగారు మరొక మాట కూడా చెప్పారు. పాత నిబంధన రాసిన హెబ్రీ భాషలోనూ 'హ్యావ్' వంటి క్రియ లేదట. ప్రవక్త మనలాగే 'నీకు ఏముంది' అనే పద్ధతిలోనే అడిగాడట.

నాకు నిద్ర పట్టలేదు. ప్రవక్త ముందు పోయినదాన్ని విని, తర్వాత ఉన్నదాన్ని అడిగాడు. నేనైతే పోయినదాన్ని చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఒక మాటైనా ఇవ్వకుండానే ఉన్నదాన్ని రాయమన్నాను.

మరునాడు అందరి ముందే, "నిన్న తప్పు నాదే, తల్లీ" అన్నాను. తర్వాత ఆ విధవరాలి కథ చెప్పి బోర్డు మీద రాశాను. "షి హ్యాడ్ ఎ హజ్బెండ్. షి హ్యాజ్ టూ సన్స్. షి హ్యాజ్ సమ్ ఆయిల్." గడిచిపోయినదానికి 'హ్యాడ్' అని, ఐ అయినా, షి అయినా, దే అయినా అది మారదని వివరించాను. లేనిదాన్ని చెప్పడానికి "ఐ డు నాట్ హ్యావ్", "షి డజ్ నాట్ హ్యావ్" అనాలని కూడా చెప్పాను.

కొంతసేపటికి ఆ అమ్మాయి నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. "ఐ హ్యాడ్ ఎ ఫాదర్. ఐ హ్యావ్ ఎ మదర్. షి హ్యాజ్ టూ గోట్స్" అని రాసి ఉంది.

ఒక్క తప్పు కూడా లేదు. "మేకలు రెండు కదా, 'హ్యాజ్' ఎందుకు రాశావు?" అని అడిగాను.

"మేకలు రెండైనా అమ్మ ఒక్కతే కదా, అమ్మగారూ" అంది.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈ క్రియను మీ ఇంట్లోనే నేర్పవచ్చు. రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్కరు 'హ్యావ్', 'హ్యాజ్', 'హ్యాడ్' పెట్టి మూడు వాక్యాలు చెప్పండి. పిల్లలు తప్పు చెబితే గద్దించకండి. ఆ తప్పు ఎక్కడనుండి వచ్చిందో ముందు వినండి. కొన్నిసార్లు అది మనం రాసిన బోర్డు నుండే వస్తుంది.

మన ఇళ్లలో నిన్న ఉండి నేడు లేనివారు ఉన్నారు. ఆ మాట ప్రభువుతో చెప్పుకోవడానికి సిగ్గుపడనక్కర లేదు. ఆయన ముందు అది వింటాడు. తర్వాత మనకు ఉన్న కొంచెమును ఆశీర్వదిస్తాడు. అట్టి కృప మన కుటుంబాలన్నిటికీ కలుగును గాక. ఆమేన్.