ఓషధిజం, ధ్యానజం

వైశాఖ మాసంలో నూజివీడు తోటల్లో చిన్నరసాలు గడ్డిపొరల నడుమ మాగుతూ ఉంటాయి. అటువంటి ఒక తోటలో, నగరం నుండి వచ్చిన కుమారుడు తండ్రితో ఇట్లా అన్నాడు: "నాన్నగారూ, ముప్పై ఏళ్లుగా మీరు ధ్యానంలో వెతుకుతున్న నిశ్శబ్దం నాకు ఒక్క శ్వాసలో దొరికింది."

అతడు పీల్చినది సంకరజాతి గంజాయి నుండి తీసిన సాంద్రరసం; పోలీసుల భాషలో హాష్ ఆయిల్. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి ఆకును నిర్వచనం నుండి మినహాయించినా, ఈ నూనెను చరస్ క్రిందనే చేర్చింది. దాని రుచిని అతడు వర్ణించిన తీరు విచిత్రం: మొదట మామిడి పరిమళం, పిమ్మట నిమ్మతొక్క, చివర మిరియపు ఘాటు. ఇందులో అతిశయోక్తి లేదు. మిర్సీన్ అనే సుగంధద్రవ్యం మామిడిలోనూ గంజాయిలోనూ ఉన్నది. (మామిడిపండు తిని పీలిస్తే మత్తు హెచ్చుతుందని యువకులు చెప్పుకొనే మాటకు మాత్రం ఆధారం బలహీనం.) పువ్వులో మత్తుపదార్థం సాధారణంగా నూటికి 20 పాళ్లకు అటూ ఇటూగా ఉండగా, సాంద్రరసంలో 60 దాటవచ్చు. కొద్ది నిమిషాల్లోనే కాలం సాగినట్లు తోస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరెండుతుంది, క్షణం క్రితం తలచినది జారిపోతుంది. శార్ఙ్గధరుడు భంగను వ్యవాయి ద్రవ్యంగా, అనగా జీర్ణం కాకమునుపే దేహమంతటా వ్యాపించేదిగా, పేర్కొన్నాడు.

తండ్రి ఆ మాటను త్రోసిపుచ్చలేదు. త్రోసిపుచ్చడానికి శాస్త్రం కూడా అంగీకరించదు. పతంజలి కైవల్యపాదం తొలి సూత్రంలోనే సిద్ధికి హేతువులైన ఐదింటిలో ఓషధిని లెక్కించాడు. వ్యాసభాష్యం అందుకు అసురభవనాల్లోని రసాయనాన్ని ఉదాహరణగా చూపడం గమనార్హం. అయితే ఆరవ సూత్రం అసలైన భేదాన్ని చెబుతుంది: ఆ ఐదు విధాల చిత్తాల్లో ధ్యానజమైనది మాత్రమే అనాశయం, వాసనలను మిగల్చనిది.

"ఆ నిశ్శబ్దం పోయాక ఏం మిగిలింది?" అని అడిగాడు తండ్రి.

కుమారుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. "మళ్లీ కావాలనిపించడం," అన్నాడు చివరకు. "ఇప్పుడు అది లేకపోతే నిద్ర పట్టడం లేదు."

తండ్రి ఏమీ ఉపదేశించలేదు. వ్యాపారులు ఎంత తొందరపెట్టినా కాయలకు కార్బైడ్ పెట్టనివాడాయన. పైన పసుపు, లోపల పులుపు. గడ్డి తొలగించి ఒక కాయను వ్రేలితో నొక్కి చూసి, తిరిగి కప్పివేశాడు.

"రేపు విజయవాడ వెళ్లి డాక్టరుగారిని కలుద్దాం. వీటికి ఇంకా నాలుగు రోజులు పడుతుందిరా. అప్పటిదాకా ఇక్కడే ఉండు."