కుర్రుకు పడవ ఎన్నింటికి?

రాయికల్‌లో హోటల్ బల్ల మీద కూర్చుని టీ తాగుతూ, బోర్నపల్లిలో పడవ ఎన్నింటికి పోతుందని అడిగాను. టీ పోసే ఆయన చేతిలో గిన్నె కింద పెట్టి మరీ నవ్వాడు. "అదేమన్న బస్సా సారూ? గంగల నీళ్లుండాలె, ఒడ్డు మీద నలుగురు జమ గావాలె, పడవాయన ఇంటికాడ బువ్వ తిని రావాలె. అప్పుడు పోతది."

విశాఖ నుంచి అండమాన్ పోయే ఓడకు తేదీ ఉంటుంది, టికెట్టు ఉంటుంది, ఆలస్యమైతే తిట్టుకోవడానికి ఒక ఆఫీసు కూడా ఉంటుంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నడుమ దీవులకు ఇవేవీ లేవు. ఈ జిల్లాల్లో దీవులెక్కడివని ఆశ్చర్యపోయేవాళ్లు హైదరాబాద్ దాకా ఎందుకు, కరీంనగర్ బస్టాండులోనే కావలసినంత మంది దొరుకుతారు.

ఇక్కడ గోదావరిని గోదావరి అనడం తక్కువ. గంగ అంటారు. గంగకు పోయినం, గంగ దాటినం, గంగొచ్చింది. గంగ ఇవతల పాత కరీంనగర్, అవతల పాత ఆదిలాబాద్. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు ఇవతల జగిత్యాల, పెద్దపల్లి వచ్చాయి, కాళేశ్వరం భూపాలపల్లి జిల్లాలోకి పోయింది. అవతల నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ ఏర్పడ్డాయి. కలెక్టరాఫీసులు మారాయి గానీ ఇవతల, అవతల అనే మాట మారలేదు. ఆ గంగ పాయలుగా చీలి నడుమ మిగిల్చిన నేలను కోనసీమవాళ్లు లంక అంటే, ఇక్కడివాళ్లు కుర్రు అంటారు. బాగా పండే ఒండ్రు నేల. అందుకే గంగ ఒడ్డు ఊళ్లలో పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకుని పడవెక్కే కూలీలు, రైతులు ఇంకా ఉన్నారు. వంతెనలు ఒడ్డును ఒడ్డుతో కలుపుతాయి. కుర్రుకు మాత్రం పడవే దిక్కు.

బోర్నపల్లి ఒడ్డున పడవ కోసం గంటకు పైనే కూర్చున్నాను. వచ్చింది నాటు పడవ. పలకల సందుల్లో పూసిన తారు ఎండకు మెత్తబడి వాసన వేస్తోంది. ఏడుగురు మనుషులం, రెండు యూరియా బస్తాలు, కాళ్లు కట్టేసిన ఒక మేక. "నడిమిట్ల కూసో సారూ, అంచుకు రాకు" అని నన్ను బస్తాల మధ్య సర్ది, పడవాయన గడ తీసుకున్నాడు. గడ వేసిన ప్రతిసారీ ఎంత లోతు మునిగిందో చేతికి తెలుస్తుందట. పైన నీళ్లు ఒకే రంగులో ఉన్నా కింద ఇసుక నిన్నటి చోట ఇవాళ ఉండదు. సగం దూరం పోయాక గడ మోకాలి లోతుకే ఆగింది. ఇద్దరు దిగి, పంచెలు పైకి చెక్కి, పడవను ఇసుక మేట మీదుగా నెట్టి మళ్లీ ఎక్కారు. పక్కనున్న ముసలామె కోసిన నూనె డబ్బాతో అడుగున ఊరే నీళ్లు తోడి పోస్తూ, పని ఆపకుండానే అడిగింది: "ఎందుకొచ్చినవ్ బిడ్డా? ఈడ చూసెటందుకేమున్నది?"

చూడడానికి నిజంగానే పెద్దగా ఏమీ లేదు. మొక్కజొన్న, పత్తి, కూరగాయల మడులు, కావలి గుడిసెలు, నాలుగు తుమ్మలు. అయితే అక్కడ నిలబడి చుట్టూ చూస్తే ఎటు తిరిగినా నీళ్లే. మీరు వచ్చిన పడవ అవతలి ఒడ్డుకు పోయిందంటే, అది తిరిగొచ్చేదాకా మీ ఊరు అదే.

2022 జులైలో ఇక్కడే తొమ్మిది మంది కూలీలు చిక్కుకుపోయారు. పనికి పోయేటప్పుడు గంగ మామూలుగానే ఉంది. తిరిగి వచ్చే వేళకు దారి లేదు. జాతీయ విపత్తు దళం వచ్చి వాళ్లను క్షేమంగా ఒడ్డు చేర్చింది. ఆ వార్త కోసం వచ్చిన టీవీ విలేకరి మాత్రం తిరుగు దారిలో వాగు దాటుతూ కారుతో సహా కొట్టుకుపోయి చనిపోయాడు. అదే వారంలో, అవతలి ఒడ్డున ఉన్న కడెం ప్రాజెక్టుకు, దాని 18 గేట్లూ కలిసి వదలగలిగినదానికంటే ఎక్కువ వరద వచ్చింది. అందులోనూ ఒక గేటు మొరాయించింది. కట్ట తెగుతుందని ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. కట్ట నిలబడింది. అప్పటి సంగతి ఒడ్డున ఎవరిని కదిపినా ఇప్పటికీ గంట సేపు చెబుతారు.

నాకు ఇక్కడ ఒక మార్పు కనబడింది. పడవాయన తండ్రి మబ్బు చూసి, నీటి రంగు చూసి, నురగలో కొట్టుకొచ్చే ఆకులు చూసి పడవ వేయాలా వద్దా తేల్చుకునేవాడు. కొడుకు ఫోన్ చూస్తాడు. ఎగువన పోచంపాడు దగ్గర 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ఉంది, 42 గేట్లతో, పక్కన కడెం, దిగువన 62 గేట్ల ఎల్లంపల్లి. నడుమ గంగ ఎంత పారాలో ఈ గేట్లే తేలుస్తాయి. ఇక్కడ చినుకు లేకున్నా గంగ రావచ్చు, ముసురు పట్టినా రాకపోవచ్చు. తండ్రి నేర్పిన చదువు సగమే పనికొస్తోందని ఆయన బాధ. ఆ బాధ న్యాయమైనదే అనుకుంటాను.

బోర్నపల్లి నుంచి కాస్త ఎగువకు పోతే, నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలంలో బాదనకుర్తి. పేరులోని కుర్తి మన కుర్రుకు చుట్టమే అని నా అనుమానం. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే బ్రాహ్మణ గురువు కథ ఉంది. కోసల నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక దేశంలో గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్నాడు. ఆ ఆశ్రమం గోదావరి రెండు పాయల నడుమ దీవిలో ఉండేదని పాళీ వ్యాఖ్యానం చెబుతుంది. మన ప్రాంత చరిత్రకారులు ఆ దీవి బాదనకుర్తి అంటారు. బావరి ముసలితనంలో బుద్ధుడి గురించి విని, తాను కదలలేక, పదహారు మంది శిష్యులను పంపాడు. వాళ్లు పోయిన దారి మజిలీ మజిలీకి రాసి ఉంది: పైఠాన్, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశినార, వైశాలి, చివరికి రాజగృహం దగ్గర బుద్ధుడు. గంగలోని కుర్రు నుంచి బయల్దేరిన ప్రయాణానికి ఇంతకంటే పాత ప్రణాళిక నాకు తెలియదు. మొదటి పాయ ఎలా దాటారో మాత్రం ఎవరూ రాయలేదు. రాయరు కూడా. పడవ ఎక్కడం అంత మామూలు పని.

దిగువకు వస్తే ధర్మపురి. తూర్పుకు పోయే గంగ ఇక్కడ దక్షిణానికి తిరుగుతుంది. నరసింహస్వామి గుడికి వచ్చినవాళ్లు స్నానం చేశాక పిల్లలు మారాం చేస్తే నాటు పడవలో ఒక చక్కర్ కొట్టిస్తారు. రాయపట్నం వంతెన పుణ్యమా అని లక్షెట్టిపేట పోవడానికి పడవ అవసరం తీరిపోయింది. 2027లో గోదావరి పుష్కరాలు. ఆ పన్నెండు రోజుల్లో ఇక్కడ పడవెక్కాలని అనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవడం మంచిది. ఇంకా కిందికి కోటిలింగాల, పెద్దవాగు గంగలో కలిసే చోటు. శాతవాహనుల తొలి రాజు సిముకుని నాణేలు దొరికిన ఊరు ఇదే. ఎల్లంపల్లి నీళ్లు ఇప్పుడు ఊరి అంచుదాకా వచ్చి నిలుస్తాయి. పడవలో ఒడ్డు వెంట పోతుంటే కోతపడ్డ మట్టిలో పెంకులు, ఇటుక ముక్కలు బయటికి తొంగిచూస్తుంటాయి. రెండు వేల ఏళ్లు దాటిన పట్నం రోజుకింత నీళ్లలోకి జారుతుంటే చూస్తూ టికెట్టు లేకుండా విహరించడం నాకు అంత హాయిగా అనిపించలేదు.

మంచిర్యాల దగ్గర 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక పడవలకు మొదటి దెబ్బ పడింది. నిజానికి అంతకు ఆరు దశాబ్దాల ముందే ఇంకో రైలు ఈ నదిలో ఇంకా పెద్ద కల ఒకదాన్ని ముంచేసింది. ఆ కథకు సిరోంచ పోవాలి.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు చూసి బయటికొస్తే ఎదురుగా ప్రాణహిత వచ్చి గంగలో కలుస్తుంటుంది. అవతలి ఒడ్డు మహారాష్ట్ర, ఊరు సిరోంచ. అంగట్లో బేరమంతా తెలుగులోనే. నిజాం 1860లో గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాక, అప్పర్ గోదావరి జిల్లాకు సిరోంచ ముఖ్య పట్టణమైంది. అదే ఒప్పందంలో, రెండు రాజ్యాల నడుమ నది మీద పోయే సరుకుకు సుంకం ఉండకూడదని రాసుకున్నారు. ఎందుకంటే అప్పటికే ఆర్థర్ కాటన్ ఆలోచన ఒకటి నడుస్తోంది: వార్ధా, బేరారు పత్తిని గోదావరి మీదుగా ఆవిరి పడవల్లో సముద్రానికి చేర్చడం. అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైన రోజులవి. ఆ పని హేగ్ అనే ఇంజనీరు చేతికొచ్చింది. అడ్డంకి మూడు చోట్ల ఉంది: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహిత మీద దేవలమర్రి. బండరాళ్ల మీద నీళ్లు దూకే చోట్లు. ఆనకట్టలు కట్టి, పక్కన కాలువలు తవ్వి, లాకుల్లో పడవలను మెట్టు మెట్టుగా ఎక్కించాలన్నది ప్లాను. దుమ్ముగూడెంలో ఆనకట్టా, లాకులూ లేచాయి. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి ఎటు పోవాలో అటు పోయింది. 1871లో పనులు ఆపేశారు. లేకుంటే మంథనివాళ్లు కాకినాడ పోవడానికి టైముల పట్టీ చూసుకునేవాళ్లేమో.

ఆవిరి పడవ రాకపోయినా కాళేశ్వరం రేవు చాలాకాలం రద్దీగానే ఉంది. వంతెన రాక ముందు నేనొకసారి ఇక్కడ దాటాను. రెండు పడవలను పక్కపక్కన కట్టి, మీద చెక్కలు పరిచి, మోటారు సైకిళ్లు ఎక్కించేవాళ్లు. పెళ్లివాళ్లు, బ్యాండువాళ్లు, మందుల దుకాణానికి పోయే పేషెంట్లు. మా పడవలో పెళ్లికూతురు అత్తారింటికి పోతూ గంగ నడుమ ఒక రూపాయి నీళ్లలో వేసింది. పక్కనున్న మేనత్త ఇంకో రూపాయి తీసిచ్చి "ప్రాణహితకు గూడ ఎయ్యవే" అంది. ఇప్పుడు అదే దూరం కారులో నాలుగు నిమిషాలు. కాళేశ్వరం ప్రాజెక్టు 2019 జూన్ 21న మొదలయ్యాక మేడిగడ్డ బ్యారేజీ నీళ్లు ఎండాకాలంలోనూ ఇక్కడి దాకా నిలిచాయి, విహారపు పడవలు తిరిగాయి. 2023 అక్టోబరులో బ్యారేజీ పియర్లు కుంగాయి, నీళ్లు వదిలేశారు. మళ్లీ ఇసుక తేలింది. పడవలవాళ్ల లెక్కలు ఆ నాలుగేళ్లలో రెండుసార్లు తలకిందులయ్యాయి.

పడవ నిజంగా పడవలా పనిచేసే చోటు చూడాలంటే ప్రాణహిత వెంట పైకి పోవాలి. కాగజ్‌నగర్‌లో రైలు దిగి, కౌటాల మీదుగా తుమ్మిడిహట్టి పోతే, వార్ధా, వైన్‌గంగా కలిసి ప్రాణహిత పుట్టే చోటు. అవతల చప్రాల హనుమంతుడి గుడి, దాని వెనుక అడవి. శనివారం పోతే ఈ ఒడ్డు భక్తులు, ఆ ఒడ్డు సంత సరుకు ఒకే పడవలో కనిపిస్తాయి. దిగువన వేమనపల్లి ప్రాంతపు రాళ్లలో డైనోసార్ ఎముకలు దొరికాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అస్థిపంజరం ఇటువైపుదే. దాని పేరులోని కోట, సిరోంచ పక్క ఊరు. మంథనికి దగ్గర్లో శివారం అభయారణ్యం ఉంది. అక్కడ గంగ మడుగుల్లో మొసళ్లుంటాయి, కనుక చెయ్యి నీళ్లలో పెట్టి ఫొటో దిగే సరదా అక్కడ వద్దు.

ఇక ఎప్పుడు పోవాలి? ఆషాఢం నుంచి భాద్రపదం దాకా అసలు పోవద్దు. దసరా దాటాక నీళ్లు తేటపడతాయి. కార్తీకంలో గూడెం గుట్ట సత్యనారాయణస్వామి జాతర కూడా కలిసొస్తుంది, సంక్రాంతి దాకా గంగ అందం గంగదే. శివరాత్రి దాటితే చాలాచోట్ల పడవతో పనిలేదు, చెప్పులు చేత పట్టుకుని ఇసుకలో నడవడమే. ఎండ ఎక్కక ముందు దాటాలి. మధ్యాహ్నం ఇసుక కాళ్లు కాలుస్తుంది. లైఫ్ జాకెట్ అడగడానికి సిగ్గుపడొద్దు. 2019 సెప్టెంబరులో ఇదే గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనందరికీ తెలుసు. ఇక్కడి నాటు పడవల్లో జాకెట్ ఉండకపోవచ్చు, అప్పుడు ఎంతమంది ఎక్కారో లెక్క మీరే పెట్టుకోండి, ఎక్కువైతే దిగిపోండి. కుర్రు మీద అంగడి లేదు. నీళ్లు, తిండి వెంట ఉండాలి. అన్నిటికంటే ముందు, తిరుగు పడవ మాట్లాడుకోకుండా కాలు దింపొద్దు. జాకెట్లు, రైలింగు, ఐస్‌క్రీమ్ అన్నీ కావాలంటే కరీంనగర్ పక్కనే మానేరు డ్యాంలో టూరిజం బోట్లున్నాయి. అదీ తప్పేం కాదు.

బోర్నపల్లి నుంచి వచ్చేటప్పుడు పొద్దు గుంకుతోంది. మేక లేదు, దాని స్థానంలో మూడు బుట్టల టమాటాలు. మళ్లీ కార్తీకంలో వస్తానని చెప్పి పడవాయన నంబరు అడిగాను. చెప్పాడు. ఫోన్‌లో ఎక్కించుకుంటుంటే గడ ఇసుకలో గుచ్చి, పడవను దానికి కట్టేస్తూ అన్నాడు:

"కార్తీకంల చెయ్ సారూ, ఎప్పుడైన ఎత్తుత. వానకాలంల మాత్రం చెయ్యకు. వాళ్లు గేట్లెత్తిన్రంటే నేను ఫోనెత్త."