నాలుక లేని తల

రెండవ ఏట ఫాంటమ్ అను అభ్యాసపు బొమ్మతలకు బిగించిన పండ్లను ఎంత నిర్దుష్టముగా తొలిచినను, మూడవ ఏట క్లినిక్కున, నోటినిండ లాలాజలమూరుచు, నాలుక అడ్డుపడుచు, కుర్చీచేతులను గట్టిగా పట్టుకొని భయముతో చూచు మనిషి ఎదుట నిలిచిననే గాని, దంతవైద్య విద్యార్థికి తన చేతి నేర్పెంతయో తెలియదు. క్రిందిదవడకు మత్తుసూది ఇచ్చునపుడు మొన ఎముకను తాకుట, రవ్వంత వెనుకకు తీయుట, సిరంజిలోనికి రక్తము రాలేదని చూచుకొని మెల్లగా మందు వదలుట పుస్తకమున నాలుగు పంక్తులే; ఆ ఎముక తగులు స్పర్శ మాత్రము ఏ పంక్తికిని అందదు.

హైదరాబాదు అఫ్జల్‌గంజులోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల వంటి చోట్ల రోగులకు కొదువ లేదు. ఊరి వెలుపల వెలసిన ప్రైవేటు కళాశాలలు కొన్నింట కుర్చీలు నిగనిగలాడుచుండును, కూర్చుండువారే అరుదు. తాము చూడవలసిన రోగుల కోటా పూర్తి కావలెనని బస్సుచార్జీలు తామే ఇచ్చి వృద్ధులను పిలుచుకొనివచ్చు విద్యార్థులను నేనెరుగుదును, వారిని పరిహసింపలేను. పూర్తి కట్టుడుపండ్ల సెట్టునకై కొలతలకును, మైనపు దిమ్మెలకును, పండ్ల అమరికకును పలుమారులు రావలసిన తాతగారు నడుమనే కోతపనికి పోయినచో, పాపము, లెక్క మొదటికి వచ్చును. నాలుగేండ్ల పిమ్మట ఏడాది ఇంటర్న్‌షిప్ ఉన్నది గదా యందురు; పలువురి విషయమున ఆ ఏడాదిని ఎం.డి.ఎస్. ప్రవేశపరీక్ష పుస్తకములే మ్రింగివేయుచున్నవి.