పొరుగు ఎవరో తేలని నెట్‌వర్క్

ఫిబ్రవరి 9, 2015

వైర్‌లెస్ నోడ్‌లు తమలో తామే దారి వెతుక్కునే ఏఓడీవీ ప్రోటోకాల్‌ను మళ్ళీ తిరగేశాను. తనలో ప్రత్యేకమైన భద్రతా ఏర్పాట్లేవీ లేవని దాన్ని నిర్వచించే 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3561 పత్రం తానే చెప్పుకుంటుంది. దారి అడిగితే, పెద్ద సీక్వెన్స్ నంబర్‌తో జవాబిచ్చిన నోడ్ మాటే చెల్లుతుంది. ఇక అబద్ధాలకోరుకు అడ్డేముంది? పెద్ద అంకె వేసి, దారి నా దగ్గరుందంటాడు. నమ్మి పంపిన ప్యాకెట్లన్నీ పారేస్తాడు. ఈ బ్లాక్‌హోల్ దాడి మీద ఎంటెక్ ప్రాజెక్టులకు కొదవ లేదు. ఎన్‌ఎస్-2 సిమ్యులేటర్‌లో నాలుగు గ్రాఫులు గీస్తే డిగ్రీ వచ్చేస్తుంది. అసలు బోర్డుల మీద నడిపితే కదా తెలిసేది!

ఫిబ్రవరి 17

ఇప్పుడు ఓఎల్‌ఎస్‌ఆర్ అనే ఇంకో రూటింగ్ ప్రోటోకాల్, దాని రెండో వెర్షన్. దానికి మా ప్రోగ్రాం ఒకటి, పక్క ల్యాబ్ వాళ్ళది ఒకటి. రెండింటికీ ఒకటే కీ, మెసేజ్ అసలుదేనని తేల్చే ముద్రకు ఒకటే హెచ్‌మాక్ షా-256. అయినా పొరుగును గుర్తించడానికి ఒకటి పంపే హలో మెసేజ్‌ను ఇంకొకటి నకిలీ అని తోసేస్తోంది. సాయంత్రానికి జూనియర్ పట్టేశాడు.

"అన్నా, వాళ్ళు హాప్ లిమిట్‌ను సున్నా చేయకుండానే లెక్క కడుతున్నారు."

మెసేజ్‌ను ముందుకు పంపే ప్రతి నోడూ హాప్ లిమిట్, హాప్ కౌంట్ మారుస్తుంది. అందుకే హెచ్‌మాక్ కట్టేటప్పుడు ఆ రెండూ సున్నా అనుకోవాలని ఆర్‌ఎఫ్‌సీ 7182 నియమం. వాళ్ళు రెండు బోర్డులు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. హలో మెసేజ్ పొరుగు దాటి పోదు కాబట్టి అంతా బాగున్నట్టే కనబడింది. మూడో బోర్డు పెట్టి ఉంటే, బోర్డు నుంచి బోర్డుకు సాగే టోపాలజీ మెసేజ్ దగ్గరే తప్పు దొరికిపోయేది.

ఫిబ్రవరి 20

మా బోర్డుల్లో ఒక రాస్‌బెర్రీ పై పంపే మెసేజ్‌లను మిగతా బోర్డులేవీ తీసుకోవడం లేదు. దాంట్లో బ్యాటరీ గడియారం లేదు, మేం పరీక్షలు చేసే మైదానంలో ఇంటర్నెట్ లేదు. కిందటిసారి ఆపిన సమయం నుంచే లెక్క మొదలుపెట్టింది. మిగతావాటికి అవన్నీ పాత మెసేజ్‌లు! పాతదాన్ని దాచి మళ్ళీ పంపే దొంగను ఆపడానికి పెట్టిన టైంస్టాంప్ మనవాడినే బయట నిలబెట్టింది.

మార్చి 3

వార్మ్‌హోల్ దాడి. రెండు కొసల్లో రెండు రేడియోలు, మధ్యలో ఒక కేబుల్. ఈ కొస విన్న హలోను ఆ కొస అక్షరం మార్చకుండా వినిపిస్తుంది. దొంగకు కీ అక్కర్లేదు, హెచ్‌మాక్ సరిగ్గానే తేలుతుంది, సమయమూ తాజాదే. మైదానం ఆ చివరి బోర్డు ఈ చివరిదాన్ని పొరుగు అనుకుంది. హు, పెరిగ్, జాన్సన్ 2003లోనే ప్యాకెట్ లీష్‌లు ప్రతిపాదించారు. ప్యాకెట్ ఎంత దూరం ప్రయాణించవచ్చో హద్దు కట్టడం. సమయంతో కట్టే హద్దుకు గడియారాలు అతి సూక్ష్మంగా కలవాలి. మా బోర్డులకు తేదీ కలవడమే గగనం.

మా రిపోర్టులో ఈ నెట్‌వర్క్ 'సురక్షితం' అన్న మాట కొట్టేశాను. 'కీ లేనివాడు కల్పించిన మెసేజ్‌ను గుర్తిస్తుంది' అని మాత్రం ఉంచాను.